మన తెర మీద మహారాజు... వాళ్ల ఊళ్లో మామూలు బండి!

పెద్ద గేటు తెరుచుకుంటుంది. కంకర దారి మీద పొడుగాటి కారొకటి జారుకుంటూ వచ్చి పోర్టికోలో ఆగుతుంది. డ్రైవరు దిగి, చుట్టూ తిరిగొచ్చి, వెనక తలుపు తీస్తాడు. అప్పుడు దిగుతాడండీ చినబాబుగారు! నల్ల కళ్లద్దాలు, మెడలో రుమాలు. మెట్ల మీద సిల్కు గౌను, నోట్లో పైపుతో జమీందారుగారు. అరవై, డెబ్భై దశకాల తెలుగు సినిమాలు నాలుగు చూసినవాళ్లకి ఈ సీను కంఠతా వచ్చేసి ఉంటుంది.

ఆ కారేమిటని అడగండి. "ఇంపాలా!" అనేస్తారు టక్కున. నిజానికది ప్లిమతో, డాడ్జో అయినా సరే, పొడుగ్గా ఉండి వెనక రెక్కలుంటే చాలు, మనకి ఇంపాలాయే. బాగా ఉన్నవాడని చెప్పాలంటే "వాడికేం, ఇంపాలా కారున్నవాడు" అంటే సరిపోయేది.

కానీ ఈ సీనులో ఒక తిరకాసుంది. మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం వచ్చింది 1948లో. విజయనగరం, బొబ్బిలి, కురుపాం, సాలూరు, మందస... మన ఉత్తరాంధ్ర జమీలన్నీ ఆ దెబ్బతో పోయినవే. ఇంపాలా అనే పేరుతో షెవర్లే కంపెనీ కారు బజారులోకి వదిలింది 1958 మోడల్‌గా. అంటే జమీందారీ పోయిన పదేళ్లకి ఆ కారు పుట్టింది! జమీలు పోయినా "జమీందారుగారు" అన్న పిలుపు పోలేదు కాబట్టి, ఆ పిలుపున్నవాళ్లు ఎక్కితే ఎక్కి ఉండవచ్చు. కానీ శిస్తులు వసూలు చేసి, దివాణం నడిపే అసలు సిసలు జమీందారు ఇంపాలా ఎక్కడం మాత్రం జరగని పని. మన సినిమా వాళ్లు లేని మనిషిని తెచ్చి, అప్పటికి పుట్టని కారులో కూర్చోబెట్టారన్నమాట!

ఇంకో సంగతి వింటే మరీ ఆశ్చర్యపోతారు. అమెరికాలో ఇంపాలా గొప్పవాళ్ల కారే కాదు.

ఐదు మెట్ల నిచ్చెన

జనరల్ మోటార్స్ కంపెనీని చాలాకాలం నడిపిన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ అనే పెద్దమనిషి ఒక నిచ్చెన వేశాడు. అట్టడుగు మెట్టు షెవర్లే. దాని పైన పాంటియాక్. ఆపైన ఓల్డ్స్‌మొబైల్, ఆపైన బ్యూక్. అన్నిటికన్నా పైన కాడిలాక్. ఉద్యోగంలో చేరినవాడు షెవర్లే కొనాలి, ప్రమోషను వచ్చినకొద్దీ ఒక్కో మెట్టూ ఎక్కాలి, రిటైరయ్యేలోపు కాడిలాక్‌లో కూర్చోవాలి. ఇదీ ఆయన లెక్క. ఇంపాలా ఆ అట్టడుగు మెట్టులో కాస్త ఖరీదైన రకం, అంతే. బడి పంతులు, బట్టల కొట్టు గుమాస్తా, పొలం ఉన్న రైతు, అందరూ కొనుక్కునే కారు. 1965లో ఒక్క ఏడాదిలో పది లక్షలకు పైగా ఇంపాలాలు అమ్ముడుపోయాయి. పది లక్షలమంది చినబాబులు ఎక్కడినుంచి వస్తారు చెప్పండి? అన్నట్టు ఇంపాలా అంటే ఆఫ్రికా అడవుల్లో గెంతే ఒక రకం జింక.

మరి మన దగ్గరికొచ్చేసరికి ఈ జింకకి సింహాసనం ఎలా దొరికింది?

దొరక్కపోవడం వల్ల దొరికింది! ఒకప్పుడు అమెరికా కార్లు మన దేశంలోనే బిగించేవారు. జనరల్ మోటార్స్ వాళ్లు 1928లో బొంబాయిలో షెడ్డు వేసి షెవర్లేలు, బ్యూక్‌లు తయారుచేయడం మొదలుపెట్టారు. ఫోర్డ్ వాళ్లకి మద్రాసులోనూ దుకాణముండేది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో బొంబాయి ప్రీమియర్ కంపెనీ డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లు బిగించింది. కలకత్తా దగ్గర హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు స్టూడిబేకర్ బిగించారు. 1953లో టారిఫ్ కమిషన్ ఒక మాట చెప్పింది: విడి భాగాలు తెచ్చి బిగిస్తే కుదరదు, ఇక్కడే తయారుచేసేవాళ్లే ఉండాలి అని. ఏడాది తిరిగేలోపు ఫోర్డ్, జనరల్ మోటార్స్ రెండూ పెట్టే బేడా సర్దుకున్నాయి.

ఆ తర్వాత కొత్త అమెరికా కారు ఎవరికైనా కావాలంటే దారి చాలా ఇరుకు. ఢిల్లీలో రాయబార కార్యాలయాల వాళ్లు తమకోసం తెచ్చుకుని, కొన్నాళ్లు వాడి వదిలేసిన కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వారు అమ్మేవారు. సినిమా తారలకూ, మిల్లుల యజమానులకూ ఇంపాలా అందింది ఎక్కువగా ఆ దారినే. ఎవరో దొరగారు వాడేసిన అట్టడుగు మెట్టు కారు, సెకండు హ్యాండులో, మన దగ్గర అందలం ఎక్కి కూర్చుంది! నాలుగు సిలిండర్లతో ఈడ్చుకుంటూ పోయే పద్నాలుగడుగుల అంబాసిడర్ పక్కన, పదిహేడున్నర అడుగుల పొడవుతో, ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో చడీ చప్పుడూ లేకుండా వచ్చి ఆగిన కారును చూసి మనవాళ్లు "ఏటి బావూ ఇదీ!" అని నోరెళ్లబెట్టడంలో తప్పులేదు లెండి.

ఇప్పుడు పాత సినిమాలు టీవీలోనూ, యూట్యూబులోనూ వస్తూనే ఉన్నాయి కదా, ఈసారి చూసేటప్పుడు కారు వెనక దీపాలు గమనించండి. ఒక్కో పక్కన మూడేసి గుండ్రటి ఎర్ర దీపాలు వరసగా ఉంటే అది ఇంపాలా అయ్యే అవకాశం ఎక్కువ. రెక్కలు రెండు పక్కలకీ బల్లపరుపుగా వాలిపోయి, దీపాలు పిల్లి కళ్లలా ఉంటే 1959ది. స్టీరింగు ఎడమ పక్కనుంటే ఆ కారు మన రోడ్ల కోసం చేసింది కాదని తేలిపోతుంది.

టాపుంటే ఒకటి, లేకుంటే ఒకటి

ఇక బాడీల సంగతి. పేరు పెద్దగా కనబడినా అసలు విషయం చిన్నదే. టాపు ఎలా ఉంది, తలుపులెన్ని, మధ్యలో స్తంభముందా లేదా, ఈ మూడూ చూస్తే చాలు.

నాలుగు తలుపులు, గట్టి టాపు, ముందు వెనక తలుపుల మధ్య ఇనుప స్తంభం... ఇది సెడాన్. ఈ మాట పాత కాలపు సెడాన్ కుర్చీ నుంచి వచ్చింది. ఇద్దరు మనుషులు కర్రల మీద మోసుకుపోయే మూత కుర్చీ. మన మేనా లాంటిదే అనుకోండి, బోయీలు కాస్త తక్కువ! రెండే తలుపులుండి వెనక భాగం కురచగా ఉంటే కూపే. ఫ్రెంచిలో "కోసేసింది" అని అర్థం. ఆ మధ్య స్తంభం పూర్తిగా తీసేసి, అద్దాలు దించితే ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఖాళీగా కనబడేది హార్డ్‌టాప్. 1949లో కాడిలాక్, బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్ మూడూ దీన్ని ఒకేసారి ఫ్యాషను చేశాయి. గుడ్డ టాపు మడిచి వెనక్కి పడేసేది కన్వర్టిబుల్, మనం "టాపు లేని కారు" అంటామే అది. ముందు డ్రైవరుకీ వెనక దొరగారికీ మధ్య అద్దం అడ్డు ఉంటే లిమోజిన్.

డ్యూయెట్లకి టాపు లేని కారే ఎందుకు కావాలో వేరే చెప్పాలా? ఎండ నేరుగా మొహం మీద పడుతుంది. కెమెరాకి అడ్డముండదు. హీరోయిన్ పైట గాలికి ఎగురుతుంది. ఇంకో రహస్యం సీటులో ఉంది. అమెరికా కార్లలో ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపుదాకా ఒకే బల్ల. గేరు కర్ర నేల మీద ఉండదు, స్టీరింగు పక్కనే. మనవాళ్లు "హ్యాండు గేరు" అంటారు. మధ్యలో అడ్డేమీ లేదు కాబట్టి పల్లవిలో ఆ తలుపు దగ్గరున్న హీరోయిన్ చరణానికల్లా హీరో భుజం మీద తల పెట్టేయగలదు! ఇప్పటి కార్లలో ఆ పని చెయ్యబోతే గేరు కర్రా, కూల్‌డ్రింకు గంటా పొడుచుకుంటాయి.

మనం రోజూ అనే "డిక్కీ" కూడా బాడీ మాటే. పాత కూపేల వెనక మూత ఎత్తితే అందులో ఒక చిన్న సీటు తెరుచుకునేది. పనివాళ్లో, చోటు చాలని చుట్టాలో అందులో ఎండకీ వానకీ కూర్చోవాలి. దాన్ని ఇంగ్లీషువాళ్లు డిక్కీ సీటు అన్నారు. సీటు పోయింది, సామాన్లు వచ్చాయి, మాట మాత్రం మన నోట నిలిచిపోయింది.

దీనికి తిరగేసిన రకం కూపే డివిల్. ఇందులో వెనక కూర్చునే దొరగారికి టాపుంటుంది, ముందు కూర్చుని నడిపే డ్రైవరుకి ఉండదు. వానొస్తే తడిసేది ఎవరో తెలిసిపోయిందిగా! 1949 నుంచి కాడిలాక్ వాళ్లు ఆ పేరును మామూలు టాపున్న కార్లకే తగిలించారు. డ్రైవరు తడవడం మానేశాడు, దర్జా మాత్రం పేరులో మిగిలింది.

బొబ్బిలి కోట, డెట్రాయిట్ కోట

కాడిలాక్ అంటే ఎవరు? ఆంత్వాన్ ద ల మాత్ కాడిలాక్ అనే ఫ్రెంచి సైనికాధికారి. 1701లో అమెరికాలో ఒక నది ఒడ్డున కోట కట్టాడు. అదే తర్వాత డెట్రాయిట్ నగరమైంది. మన విజయనగరం కోటకి పునాది పడింది 1713లో. రెంటికీ పన్నెండేళ్లే తేడా!

ఇక్కడే అసలు కథ ఉంది. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం. విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో వచ్చిన సంగతి మనకి పుస్తకాల కన్నా సినిమాలోనే బాగా తెలుసు. 1964 నాటి "బొబ్బిలి యుద్ధం"లో ఎన్టీఆర్ రంగారాయుడు, ఎస్వీఆర్ తాండ్ర పాపారాయుడు, భానుమతి మల్లమ్మదేవి. పాటలు కట్టింది పక్కనున్న సాలూరు ప్రాంతంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావుగారు. ఆ యుద్ధమైన మూడేళ్లకి, 1760లో, అదే ఫ్రెంచివాళ్లు డెట్రాయిట్ కోటని ఇంగ్లీషువాళ్లకి అప్పగించేశారు. 1763లో ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడి, ఆ కోటని నెలల తరబడి ముట్టడించాడు అక్కడి ఆటవా తెగ నాయకుడొకడు. అతని పేరు పాంటియాక్! వాళ్ల తాండ్ర పాపారాయుడు అనుకోండి. కోట కట్టినవాడి పేరు ఖరీదైన కారుకి, కోట మీదికొచ్చినవాడి పేరు చౌక కారుకి పెట్టి, రెంటినీ ఒకే కంపెనీ అమ్ముకుంది. మన దగ్గర ఎవరైనా "బుస్సీ" అని ఒక కారు, "పాపారాయుడు" అని ఇంకో కారు చేసి ఒకే షాపులో పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తక్కిన పేర్లలోనూ చరిత్ర ఇలాగే ఉంది. 1541లో మిసిసిపీ నది దాకా వెళ్లిన స్పెయిన్ దండయాత్రికుడు డిసోటో. లింకన్ కారుకి ఆ పేరు పెట్టిన హెన్రీ లీలండ్ 1864లో తన మొదటి ఓటు అబ్రహాం లింకన్‌కే వేశాడట. కాడిలాక్ కంపెనీని నిలబెట్టినవాడూ ఆయనే. స్టూడిబేకర్ వాళ్లయితే 1927లో ఒక కారుకి "డిక్టేటర్" అని పేరు పెట్టి, యూరప్‌లో నిజం డిక్టేటర్లు పేట్రేగాక 1937లో చప్పుడు చేయకుండా తీసేశారు.

పేరు కోసం తంటాలు పడింది మాత్రం ఫోర్డ్ కంపెనీ. 1955లో కొత్త కారుకి పేరు చెప్పమని మేరియన్ మూర్ అనే పేరున్న కవయిత్రిని అడిగారు. ఆవిడ ఉత్సాహంగా పేర్ల మీద పేర్లు రాసి పంపింది. అందులో ఒకటి "యుటోపియన్ టర్టిల్‌టాప్", అంటే స్వర్గంలోని తాబేటి చిప్ప! కంపెనీవాళ్లు ఆవిడకి నమస్కారం పెట్టి, హెన్రీ ఫోర్డ్ కొడుకు పేరే "ఎడ్సెల్" అని ఖాయం చేశారు. 1957లో బ్రహ్మాండమైన పబ్లిసిటీతో విడుదల. మూడేళ్లలో మూత. నష్టం సుమారు 25 కోట్ల డాలర్లని చెబుతారు. మన భాషలో చెప్పాలంటే భారీ సెట్టింగుల అట్టర్ ఫ్లాప్. తాబేటి చిప్పే నయమేమో!

నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చిన పేరు ఫేటన్. పక్క అద్దాలు లేకుండా, టాపు మడిచేసుకునే పాత కాలపు విలాసవంతమైన కారు. డ్యూసెన్‌బర్గ్, పాకార్డ్ వాళ్లు చేసిన ఫేటన్లు ఇవాళ కోట్లు పలుకుతాయి. ఈ ఫేటన్ గ్రీకు పురాణంలో సూర్యుడి కొడుకు. ఒక్కరోజు రథం నేను తోలతానని తండ్రి దగ్గర పట్టుబట్టాడు. గుర్రాలు మాట వినలేదు. రథం కిందికి దిగి భూమి కాలిపోతుంటే దేవతల రాజు పిడుగు వేసి పిల్లవాణ్ణి కూల్చాడు. లైసెన్సు లేని చినబాబు కథ! మన అరసవల్లి సూర్యనారాయణమూర్తి ఇలాంటి పొరపాటు చెయ్యలేదు. ఏడు గుర్రాల పగ్గాలు అనూరుడి చేతిలో పెట్టి నిశ్చింతగా కూర్చున్నాడు. తొడలు లేనివాడైనా యుగాలుగా ఒక్క యాక్సిడెంటు లేదు.

లిప్‌స్టిక్కుతో సహా కారు

మరి అమెరికావాళ్ల లెక్కలో అసలైన దర్జా కారేది? ఒక్కటి చెబుతాను. 1957లో వచ్చిన కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్. దక్షిణ అమెరికాలో ఒళ్లంతా బంగారు పొడి పూసుకుని సరస్సులో స్నానం చేసే రాజు ఉండేవాడని ఒక కథ, ఎల్డొరాడో అంటే ఆ బంగారు మనిషి. బ్రూమ్ అంటే చీపురు కాదండోయ్, బ్రూమ్ ప్రభువు అనే ఇంగ్లీషాయన 1838 ప్రాంతంలో చేయించుకున్న ఒంటి గుర్రపు బండి. అది సాదా సీదా చిన్న బండి. కారు మాత్రం సాదా కాదు. టాపు స్టెయిన్‌లెస్ స్టీలు. స్తంభం లేదు, ముందు తలుపులు ముందుకీ, వెనక తలుపులు వెనక్కీ తెరుచుకుంటాయి. లోపల అయస్కాంతంతో అతుక్కునే గ్లాసులు, సెంటు బుడ్డి, పౌడరు డబ్బా, లిప్‌స్టిక్కు కూడా కంపెనీయే పెట్టి ఇచ్చేది. ధర 13,074 డాలర్లు. ఆ డబ్బుకి ఇంపాలాలు నాలుగొచ్చి చిల్లర మిగిలేది. రెండేళ్లలో అమ్మింది ఏడొందల పైచిలుకు మాత్రమే.

ఈ పేర్లన్నీ ముద్దుగానే ఉన్నాయి గానీ, మన జిల్లాల్లో జమీందారు అంటే ముద్దు మాట కాదు. 1937లో ఇచ్ఛాపురం నుంచి రైతులు జమీందారీకి వ్యతిరేకంగా కాలినడకన బయలుదేరి 1938లో మద్రాసు చేరారు. 1940లో మందసలో అడవి కట్టెల దగ్గర మొదలైన గొడవ పోలీసు కాల్పులదాకా వెళ్లి, గున్నమ్మ అనే రైతు స్త్రీ ప్రాణం పోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1939లో, గూడవల్లి రామబ్రహ్మంగారు "రైతుబిడ్డ" తీస్తే జమీందారులు భగ్గుమన్నారు, కొన్నిచోట్ల సినిమాని నిషేధించారు. జమీలు ఉన్నప్పుడు తెర మీద వాళ్లని నిలదీసిన సినిమా, జమీలు పోయాక అదే జమీందారుకి పైపూ, గౌనూ, ఇంపాలా ఇచ్చి ముద్దు చేసింది. పెత్తనం పోయినవాణ్ణి చూసి భయపడక్కర్లేదు కాబట్టి కాబోలు. చినబాబు పేదింటి పిల్లని ప్రేమిస్తే చాలు, కథ సుఖాంతం. ఆ కారు తుడిచినవాడి కథ ఎవరూ తీయలేదని కాదు, తక్కువ తీశారు.

సంస్థానాల నాటి అసలు కార్లు చూడాలనుకునేవాళ్లు హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లండి. నిజాం నవాబుల 1912 రోల్స్‌రాయిస్ పసుపు రంగులో మెరిసిపోతూ ఉంటుంది. పక్కనే అమెరికా బ్యూక్ కన్వర్టిబుల్ ఉంది. దాని చుట్టూ ఒకసారి తిరిగి, టాపూ తలుపులూ సీటూ చూస్తే, పైన చెప్పిన బాడీ పాఠం సగం వచ్చేస్తుంది.

కానీ తెలుగుదేశంలో ఎక్కువమంది కళ్లారా చూసిన అమెరికా బండి బ్యూకూ కాదు, ఇంపాలా కూడా కాదు. అదీ షెవర్లేయే, నిచ్చెనలో అట్టడుగు మెట్టు! 1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్టీ రామారావుగారు ఒక పాత షెవర్లే వ్యానుని బాగుచేయించి, లోపల పడుకోవడానికి చోటు, పైన నిలబడి మాట్లాడటానికి వేదిక ఏర్పాటు చేయించుకున్నారు. 1940 నాటి మోడలని చెబుతారు. సెడాన్ కాదు, లిమోజిన్ కాదు, ఏ కంపెనీ పుస్తకంలోనూ ఆ బాడీ లేదు. దాని పేరు డెట్రాయిట్‌లో పెట్టింది కాదు, ఇక్కడ పెట్టిందే: చైతన్య రథం. స్టీరింగు దగ్గర కొడుకు హరికృష్ణ. సినిమాలో కృష్ణుడిగా రథం తోలిన ఆయన, ఇక్కడ రథం పైకెక్కి నిలబడ్డారు. రాత్రి ఎన్నింటికొస్తారో తెలియకపోయినా రోడ్డు పక్కన జనం కాపు కాసేవారు.

1983 జనవరి 9న ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆ ఎన్నికల్లో విజయనగరం నుంచి ఆయన పార్టీ తరఫున గెలిచింది పూసపాటి అశోక్ గజపతిరాజు. 1713లో కట్టిన ఆ కోట వారసుడు.